నక్క పాట అందుకున్నప్పుడు

మే నెల, రెండో శుక్రవారం. పొద్దున ఆవకాయ కలిపి జాడీలకెత్తాను. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. ఇడ్లీకి పప్పు నానబోశాను. మధ్యాహ్నం నీ కూతురిని సినిమాకి తీసుకెళ్లాను.

ఎలా ఉన్నావే, సుజా? నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. పండు అప్పటినుంచీ ఇక్కడే, వన్ టౌన్‌లో మా దగ్గరే ఉంటోంది. జడ తనే వేసుకుంటోంది. మాటలే తక్కువ...

"బెజవాడ వెళ్లినప్పుడు పెద్ద హాల్లో బొమ్మల సినిమా చూపిస్తానే" అని దానికి చెబుతూ ఉండేదానివి కదా? సెలవులకి ఒకటి వచ్చింది. అందులో నక్క, బాతు ప్రేమించుకుంటాయి. చెరువు అవతల కాపురం పెడదామని నక్క బాతుని పిలుస్తుంది. అంతా నవ్వులూ పాటలే. హాలు నిండా పిల్లలు.

ఒకచోట నక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంది. పిల్లలందరూ కెవ్వుమన్నారు. పండు కదల్లేదు. పాప్‌కార్న్ తింటూ కూర్చుంది.

తర్వాత నక్క తప్పయిందని బతిమాలి, బాతు మెడలో పూలదండ వేసి, మెల్లగా పాట అందుకుంది. హాలంతా చప్పట్లు. అప్పుడు పట్టుకుంది పండు నా చెయ్యి. గోళ్లు దిగాయి. "పెద్దమ్మా, వెళ్లిపోదాం. ఇప్పుడే వెళ్లిపోదాం" అంది.

పామర్రులో మీ అత్తారింటి నుంచి వచ్చినప్పుడల్లా నువ్వో మాట అనేదానివి. "కొట్టిన రోజు భయం లేదక్కా. మల్లెపూలు తెచ్చిన రోజే భయం." నవ్వుతూనే అనేదానివి.

కాలువ రేవులో కాలు జారిందన్నారు. ఆ రోజు నీ జడ విప్పింది నేనే. అందులో తడిసిన మల్లెదండ ఉంది... ఆ మాట చెబితే, మొగుడు పూలు తేవడం కూడా తప్పేనా అన్నారు అందరూ.

పండు ఏం చూసింది, సుజా?

ఇంటికొచ్చేసరికి మీ ఆయన ఫోన్. పిల్ల తిన్నదా అని ఏడాదిలో ఒక్కసారీ అడగని మనిషి... ఇవాళ గొంతులో తేనె. నోరారా వదినగారూ అన్నాడు. ఆదివారం వచ్చి కూతుర్ని తీసుకెళ్తాడట. వస్తూ దానికి మల్లెపూలు తెస్తాడట.

మీ బావ అప్పుడే లాయరుగారిని కలిసి వచ్చారు. పండు నోరు విప్పాలి అన్నారట ఆయన. విప్పుతుందా? ఏమో... ఆదివారం గుమ్మంలో మాత్రం నేనే ఉంటాను. పండుని గడప దాటనివ్వను.

ఇందాక అన్నం తింటూ అడిగింది, బాతు నక్క వెంట వెళ్లిందా అని. మేం సగంలోనే లేచి వచ్చాం కదా, నాకేం తెలుసు? వెళ్లలేదమ్మా అన్నాను. ఇంకో ముద్ద పెట్టించుకుంది.

పండుకి చూపిస్తానన్న సినిమా చూపించాను. నువ్వు దానికి ఇంకేం బాకీ లేవు.

మీ అక్క