నాలుగో ముక్క

గురువారం, ఉదయం

పూజ్యులైన అన్నయ్యగారికి,

పక్క కుర్చీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. కిడ్నీలు మూలపడ్డ ఇద్దరి మధ్య అది కాస్త పెద్ద మాటే.

మీరు సోమవారం డయాలసిస్‌కి రాలేదు. నిన్నా రాలేదట. ఫోను చేస్తే ఎత్తరు. ఈ మనిషికి ఒంటి మీద ధ్యాస లేదని సోమవారం నర్సమ్మ గొణుక్కుంటూ మీ కుర్చీ మీద దుప్పటి మడతపెట్టింది. అప్పటినుంచి నాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు.

అసలు సంగతి మన పుస్తకం. ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తో అంత లావుది పట్టలేమని, మీ బైండింగు కత్తితో వీపు దగ్గర కోసి నాలుగు ముక్కలు చేశారు కదా. శాపం తగిలిన రాజు రోజు విడిచి రోజు చేదు కషాయం తాగితేనే బతుకుతాడని చదివి, మనకంటే నయం, ఆయనకు సూదుల్లేవని నవ్వుకున్నాం. ఆ రచయితకు మనుషుల మీద ఏం పగో, అధ్యాయానికొకరిని పొట్టన పెట్టుకున్నాడు. మూడో ముక్కలో రాజు తమ్ముడు పోయినప్పుడు నేను కుట్టుమిషను ఆపేసి ఏడిస్తే, ఎవరు పోయారని మా ఆయన కంగారుపడ్డాడు.

నాలుగోది మీ దగ్గరే ఉండిపోయింది. రాజు ఏమయ్యాడోనన్న దిగులుతో అన్నం సయించడం లేదు. రేపు తప్పకుండా తెండి. ముగింపు బాగాలేకపోతే రచయితని ఇద్దరం కలిసి తిడదాం. అది అచ్చులో ఉన్నదే గాని, మన నుదుట రాసింది కాదు.

వదినగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న
చెల్లెలు

తా.క. ఇది బండిలో కూర్చుని రాస్తున్నాను. పైన రాసింది అబద్ధం. నాలుగో ముక్క సోమవారం సాయంత్రమే వదినగారు తెచ్చి ఇచ్చారు. ఇక ఆసుపత్రి గడప తొక్కనని మీరు మొండికేశారని చెప్పి ఏడ్చారు. కూర్చున్నపళాన చదివేశాను. రాజు కషాయం గిన్నె పక్కనపెట్టి మంచులోకి నడిచిపోతే, ఎంత హాయిగా పోయాడో అనిపించింది. నిన్న నేనూ డయాలసిస్‌కి వెళ్లలేదు. వెళ్లొచ్చానని ఇంట్లో చెప్పాను. ఇవాళ పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు, నాలుగడుగులకే ఆయాసం. ఇవేవీ ఆ పుస్తకంలో రాయలేదు అన్నయ్యా. నాకు చావాలని లేదు, భయమేస్తోంది. ఇద్దరికీ ఇవాళే డయాలసిస్‌కి చోటు చూస్తానని నర్సమ్మ ఫోన్లో తిడుతూనే చెప్పింది. మీ మెట్లు ఎక్కలేక డ్రైవరు చేత ఈ ఉత్తరం పైకి పంపుతున్నాను. మీరు దిగి వచ్చేదాకా ఈ బండి కదలదు.