అమ్మ బ్యాగు మూడోసారి సర్దాక

అక్టోబరు పదహారు, శుక్రవారం

నాన్నా,

బాగున్నావా అని అడగను. నువ్వు వెళ్ళి తొమ్మిది నెలల నాలుగు రోజులు. ఇన్నాళ్ళూ ఏడుస్తూ నీతో మాట్లాడాను. ఈరోజు కోపంతో రాస్తున్నాను.

పొద్దున్న లేచేసరికి, రాత్రి నేను సర్దిన అమ్మ బ్యాగు ఖాళీగా ఉంది. చీరలన్నీ మళ్ళీ దండెం మీద... అంచులు కలిపి, నీటుగా. అమ్మే తీసేసింది. ఎందుకమ్మా అంటే పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

రేపు మా ప్రయాణం. అండమాన్‌లో పిన్ని ఇంటికి. నాకు కాలేజీలో దసరా సెలవులిచ్చారు. టికెట్లు పిన్నే తీసింది. బరంపురం నుంచి విశాఖపట్నం రైలు, అక్కణ్ణుంచి ఓడ. దుప్పట్లు మొయ్యకండే, ఇక్కడ సలన్నదే లేదు, పల్సటి సీరలు సాలు, పది రోజులు మా అక్క సెయ్యి తడవకుండా నేనే వండి పెడతాను అని ఫోనులో ఒకటే పోరు.

నువ్వు పోయాక అమ్మ ఎంత చిక్కిపోయిందో తెలుసా? జాకెట్లన్నీ లోపలికి కుట్టాను. ఇంత గంజి తాగి గోడకానుకుంటుంది... నిద్ర లేదు.

బళ్ళో ఒడియా చదువుకున్న నేను ఈ ఏడాదే తెలుగు పుస్తకాలు పట్టాను కదా. నచ్చిన మాటలు నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. అందులో ఒకటి, విశ్రాంతి. ఎంత మెత్తగా ఉందో ఆ మాట! అమ్మకి చదివి వినిపిస్తే, అంటే జొరమొస్తే పడుకుంటాం, అదా అంది. ఆవిడకి అంతకుమించి తెలిసే అవకాశం ఎవరిచ్చారు? నువ్విచ్చావా?

నిన్న సాయంత్రం వాడ పెద్దలు ఇద్దరు వచ్చారు. మొగుడు పోయిన మనిషి ఏడాది తిరక్కుండా పొలిమేర దాటకూడదు అన్నారు. నేను వాదించాను. అప్పుడు వాళ్ళు నీ మాటే తీసి నా ముందు పెట్టారు.

గుర్తుందా నాన్నా? పెదనాన్న పోయిన ఏడు, అస్కాలో పెద్దమ్మ కూతురికి తొలికాన్పు. వెళ్తానని పెద్దమ్మ ఎంత బతిమాలింది! అప్పుడు నువ్వే వాడ పెద్దవి. అందరి ముందూ నిలబడి అన్నావు... “కట్టుబాటు కట్టుబాటే వదినా. రేపు నాకేటైనా అయితే నా ఇంటిదానికైనా ఇదే.”

ఆ రెండో మాట ఎందుకన్నావు? అందరికీ న్యాయంగా కనబడాలనా? నీ న్యాయానికి అమ్మని హామీ పెట్టేటప్పుడు ఒక్కసారైనా ఆవిడ వైపు చూశావా? ఆ రోజుకి నువ్వుండవు కదా. నీ మీద పడని కట్టుబాటు ఒప్పుకోవడం ఎంత తేలిక!

పొద్దున్న మళ్ళీ సర్దాను. నేను స్నానం చేసి వచ్చేలోగా మళ్ళీ తీసేసింది. అరిచాను. అమ్మ మీద అరవకూడదు, తెలుసు... కానీ ఏమందో విను. మీ నాన మాట పోతాదే అంది.

నీ మాట పోతుందట! ఇరవై ఏళ్ళు నెత్తిన చేపల తట్టతో గోపాల్‌పూర్ వీధులన్నీ తిరిగిన మనిషి. సముద్రం పక్కనే పుట్టి ఒక్కనాడు పడవెక్కలేదు. “ఆడోళ్ళు ఒడ్డునుంటేనే మగోళ్ళు ఒడ్డుకొస్తారు” అనేవాడివి. ఒడ్డునే ఉంది కదా నాన్నా? మరి నువ్వు ఒడ్డు మీదే ఎలా పోయావు, పట్టపగలు, చేతిలో వల బాగుచేసుకుంటూ?

మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది. నీ మాట నీ ఇంటికే తగిలిందని చూడ్డానికి వచ్చిందనుకున్నాను. తప్పేముంది, ఆవిడకా హక్కుంది.

ఖాళీ బ్యాగు పక్కన నేను మళ్ళీ పోగేసిన చీరలు చూసి, ఏటే ఇది, ఊరెల్తన్నారా, కాపురం మార్సేస్తన్నారా అంది. ఆ ఉక్కలో పట్టుసీర ఎవులు కడతారే, సదువుకున్న మొద్దూ అని నన్ను తిట్టి, పట్టుచీర అవతల పడేసింది. కింద కూర్చుని దండెం మీది నేతచీరలు నాలుగు తనే మడతపెట్టింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

తల ఎత్తకుండానే చెప్పింది పెద్దమ్మ... నా మనవణ్ణి ఏడో నెల్లో సూశానే. పాకుతా వొచ్చి, నా మొకం సూసి జడుసుకుని ఏడ్సినాడు. ఆ కట్టుబాటుకి నేనొక్కదాన్ని సాల్లేదా? నువ్వు కూడా కావాలా?

అమ్మ లోపలికి వెళ్ళి తన దువ్వెన తెచ్చి బ్యాగులో పెట్టింది. తర్వాత నాలుగు పిన్నీసులు... తర్వాత చెప్పులు కడిగి ఎండలో పెట్టింది.

పడవలు కదిలే వేళకి ఎదురు పడకూడదని ఇన్నేళ్ళూ తలుపు చాటున నిలబడ్డ మనిషి పెద్దమ్మ. రేపు మాకు తనే ఎదురొస్తానంది. ఎవులేటంటారో అననీ అంది.

నా కోపం తగ్గలేదు నాన్నా. నీ కోసం ఏడవడం కూడా మానలేదు. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకింకా మాట దొరకలేదు.

రేపు పొద్దున్న ఐదున్నరకి ఆటో చెప్పాను. అది మన సందులోకి రాదు, రోడ్డు దాకా నడవాలి. పెద్దలు ఆ వేళకే అరుగు మీద ఉంటారు. అటువైపు నుంచి పెద్దమ్మ నిండు బిందెతో ఎదురొస్తుంది. అమ్మ ముందు నడుస్తుంది. బ్యాగు పట్టుకుని వెనక నేను.

నీ గౌరి