సింకు చుట్టూ నాన్న బల్ల

అన్నయ్యా,

నన్ను తిడుదువుగాని, ముందు బయల్దేరి రా. నాన్న పోయాక షెడ్డులో పడున్న ఆయన పనిబల్లని నీకు చెప్పకుండా తెచ్చాను. దాని పైచెక్కతో మా వంటింట్లో సింకు చుట్టూ గట్టు వేశాను. పైన నాలుగుసార్లు నూనె పట్టిస్తే అద్దంలా మెరిసింది. సింకు కోసం కోసిన అంచుకి మాత్రం చుక్క కూడా రాయలేదు, ఎవరికి కనపడుతుందిలే అని. "ముందు కోసిన చోట తాగించరా, పైన తర్వాత" అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో నీకు గుర్తే.

నెల తిరక్కుండా కుళాయి దగ్గర చెక్క నల్లబడి ఉబ్బింది. నిన్న నొక్కితే వేలు దిగబడింది. నీ మరదలు పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. చెక్క రుద్దే ఉప్పు కాగితం చేతిలోకి తీసుకుని మళ్ళీ పక్కన పెట్టేశాను. ఎంతవరకు తీసేస్తే మిగతాది దక్కుతుందో నీకే తెలుస్తుంది. అమ్మకి మాత్రం చెప్పకు.

ఇంకొకటి దాచలేను. సింకు కోసం కోసి తీసిన ముక్కని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. చిన్నప్పుడు నువ్వు మేకుతో చెక్కుకున్న నీ పేరు దాని మీదే ఉంది. గీత గీసేటప్పుడే చూశాను. చూసే కోశాను.

నీ తమ్ముడు