తెమడలో ఎర్రచార

బెల్లంపల్లి, 1962

ఖానాపూరులో ఉన్న అత్త బుచ్చవ్వకు దండం పెట్టి అల్లుడు రాస్తున్నది.

నా తెమడలో నెత్తురు చార చూసి, క్షయ అనుకుని మీరు మీ బిడ్డ సారక్కను పుట్టింటికి తీసుకుపోయారు. కన్నతల్లిగా మీరు చేసింది తప్పని అనను. బొగ్గుబావిలో షిఫ్టు దిగి బెల్లం తింటే బొగ్గుదుమ్ము పోతుందని నేనూ నమ్మాను. పోలేదు.

దవాఖానాలో తెమడ పరీక్ష చేశారు. “క్షయ లేదు, ఫికర్ చెయ్యకు,” అన్నాడు డాక్టరు. “ఊపిరి గొట్టంల వెంట్రుకలసొంటి నెత్తురు నాళాలుంటయి. దుమ్ముకు గవి ఉబ్బితే దారి ఇరుకైతది. గట్టిగ దగ్గితే ఒకటి చిట్లుతది. గిది అంటురోగం కాదు.”

సారక్కను పంపించండి. అయినా మీ ధైర్యం కోసం నా కంచం, చెంబు వేరుగానే పెట్టుకుంటాను.

ఈ కవరును నాలుకతో తడపలేదు, అన్నం మెతుకులతో అంటించాను. మీరు చదివాక, భయపడకుండా సారక్క చేతికివ్వండి.