తళతళలాడే బూట్లు

ఏవండీ,

వై2కె పనికని జకార్తా వెళ్లినప్పుడల్లా, "సెలవురోజు ఊరంతా నడిచాను, ఎంత బాగుందో!" అని ఫోన్ చేసేవారు. నేను నమ్మలేదు. అంత తిరిగిన బూట్లు పెర్త్‌లో మనింటికి తళతళలాడుతూ వస్తాయా?

మీ సంవత్సరీకాలయ్యాక, అమ్మాయిని తీసుకుని నేనూ వెళ్లాను. మీరు చెప్పిన కాలవగట్లు, ఇరుకు సందులు, కూరగాయల మీద వేరుశనగ పచ్చడి పోసిచ్చే తోపుడుబళ్లు, అన్నీ ఉన్నాయి. అయినా నడిచి చూశారో, కారులోంచి చూశారో అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు పెర్త్ ఎయిర్‌పోర్టులో నా బూట్లకున్న బురద చూసి కస్టమ్స్ వాళ్లు ఆపేశారు.

"మమ్, మట్టి అలౌ చెయ్యరు. డాడ్ హోటల్లోనే షూస్ కడిగేసేవాడు, నీకు చెప్పలేదా?" అంది అమ్మాయి.

సరే, నడిచారు, ఒప్పుకున్నాను. ఎవరితో నడిచారో మాత్రం ఇప్పుడెవర్ని అడగను?