ఆపే మాత్ర, ఆపకూడని మాత్ర

యెకాటిట్ నెల 5, మంగళవారం

మా ఆయన గెత్నెట్ పేగులో గడ్డ క్యాన్సరేనట. ఆపరేషన్ వచ్చే బుధవారం. అసలు చిక్కు గుండెతో. గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి నాలుగు నెలలే అయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు రకాల మాత్రలు. రెండూ వేసుకుంటూ ఆపరేషన్‌కి వెళ్తే రక్తం ఆగదు. రెండూ మానేస్తే స్టెంట్ మూసుకుపోతుంది. కొన్ని నెలలు ఆగుదామంటే గడ్డ ఆగదు.

గుండె డాక్టర్ హిరుత్, సర్జన్ చాలాసేపు మాట్లాడుకున్నారు. శుక్రవారం నుంచి క్లోపిడోగ్రెల్ ఆపెయ్యి, ఆస్పిరిన్ మాత్రం ఆపరేషన్ రోజు పొద్దున కూడా వెయ్యి, ఎవరు చెప్పినా మానొద్దమ్మా అంది హిరుత్.

యెకాటిట్ 8, శుక్రవారం

క్లోపిడోగ్రెల్ ఆపాను. నాకు ముద్ద దిగలేదు. ఆయన ఇంజెరా రొట్టె మళ్లీ వడ్డించుకుని, నీ మొహం చూస్తే కోసేది నిన్నేమో అనిపిస్తోంది అన్నాడు.

యెకాటిట్ 10, ఆదివారం

ఎంటోటో కొండ మీది చర్చి తీర్థం తెప్పించుకుని తాగుతున్నాడు. తాగనీ, నేనూ తాగాను. కానీ బట్టలు ఉతకబోతే జేబులో ఆస్పిరిన్ మాత్రలు. మింగినట్టు నటించాడన్నమాట.

నిలదీశాను. తీర్థం పుచ్చుకుంటూ మందు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే కదా, మన వీధిలో అందరూ ఇలాగే మందులు మానేస్తారుగా అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నిన్ను దేవుడు చూసుకుంటాడు, మరి నన్నెవరు చూస్తారని అరిచాను. హిరుత్‌కి ఫోన్ చేస్తే తిట్టలేదు. ఛాతీలో నొప్పి ఉందేమో అడుగు, వెంటనే ఒకటి వేయించు అంది. నొప్పి లేదన్నాడు. మాత్ర మాత్రం ముట్టలేదు.

అదే రోజు, సాయంత్రం

మేం పాపాలు చెప్పుకునే చర్చి గురువు దెస్సాలె దగ్గరికి వెళ్లాను. పోట్లాటకే వెళ్లాను. మీ నీళ్లు మా ఆయన ప్రాణం తీసేలా ఉన్నాయన్నాను.

గురువు శాలువా కప్పుకుని నా వెంట వచ్చాడు. గెత్నెట్ అరచేతిలో మాత్ర పెట్టి తీర్థం గ్లాసు అందించాడు. దీంతోనే మింగు నాయనా, నేను బీపీ మాత్ర రోజూ ఇలాగే మింగుతున్నా, సిగ్గుపడి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, తప్పు నాది అన్నాడు.

మింగాడు. నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

యెకాటిట్ 11, సోమవారం

వేసుకున్నాడు. నోరు తెరిపించి చూశాను.

యెకాటిట్ 13, బుధవారం

ఆపరేషన్‌కి ముందు నోట్లో ఏమీ పెట్టకూడదని నర్సు ఆస్పిరిన్ పక్కన పెట్టేసింది. హిరుత్ వచ్చి చెప్పేదాకా ఆ పిల్లని కదలనివ్వలేదు. గుక్కెడు నీళ్లతో వేయించి లోపలికి తీసుకెళ్లారు. నాకు ఆయన కావాలి. అంతే.

యెకాటిట్ 14, గురువారం

రక్తం కొంచెం పోయిందట. గుండెకేమీ కాలేదు. ఎంతమందితో పోట్లాడావని అడిగాడు. అందరితోనూ అన్నాను. ఇక తిట్లు తినే వంతు నాదా అన్నాడు. అవునన్నాను.