విషయం: నీ కాళ్ళు

2వ తేదీ

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

విషయం: నీ కాళ్ళు.

పన్నుల ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. పైన విషయం రాయకపోతే నాకు కలం కదలదు. ఫోను చేస్తే, "నన్ను మాట్లాడనివ్వవేంట్రా" అని పెట్టేస్తున్నావు కాబట్టి ఇక ఉత్తరమే గతి.

నీ కుట్టు షాపు ఎదురుగా ఉన్న మందుల షాపాయన అంతా చెప్పాడు. పోయిన వారం నువ్వు పడ్డావట. అరికాళ్ళకు స్పర్శ లేదట. నరాల జబ్బట. డాక్టరు చెప్పిన పేరు కూడా చెప్పాడు, న్యూరోపతి. ఎదురు షాపాయనకు తెలిసింది, సొంత తమ్ముడికి ఒక్క ముక్క తెలియదు!

అరవై ఆరేళ్ళ వయసులో, కాలికింద నేల తెలియని మనిషి మిషను తొక్కడమేంటక్కా? షాపు మూసెయ్. మా ఇంటికి వచ్చెయ్. కింది గది సర్దించాను. కిటికీ పక్కన కుర్చీ వేయించాను. హాయిగా కూర్చో.

ఈలోగా ఒక చేతికర్ర పంపుతున్నాను. గట్టిది, వంకీ ఉన్నది.

ఇట్లు,
నీ క్షేమం కోరే తమ్ముడు

తా.క.: నీ మరదలు కూడా నా మాటే అంటోంది. అంటే, చెబితే అంటుంది.

6వ తేదీ

తమ్ముడికి అక్క ఆశీస్సులు. నిలబడే రాస్తున్నాను.

పడ్డమాట నిజమే. ఎలా పడ్డానో మందుల షాపాయన చెప్పలేదుగా? మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాను. అంతే, వాష్‌బేసిన్ ఒకవైపు, నేనొకవైపు. మనిషి నిలబడాలంటే పాదాలు పైకి కబురు పంపాలట. నా పాదాలు కబురు పంపడం మానేశాయి. దూది పరుపు మీద నడుస్తున్నట్టుంటుంది. ఇప్పుడా పని కళ్ళు చేస్తున్నాయి. మూస్తే పడతాను, కాబట్టి మూయను. మొహం సగం సగం కడుగుతున్నాను. ఎప్పుడూ ఒక కన్ను డ్యూటీలో ఉంటుంది.

మిషను సంగతి అడిగావు. పెడల్ మీద కాలు ఉందో లేదో కాలికి తెలియదు. అందుకని పెడల్‌కి చిన్న గంట కట్టాను. కాలికి తెలియనిది చెవికి తెలుస్తోంది. మొదటి రోజు పాలాయన వచ్చాడనుకుని పక్క షాపావిడ గిన్నెతో బయటికొచ్చింది. ఇప్పుడు అలవాటైపోయింది.

వచ్చే నెల మొదటికి ఆస్పత్రి నర్సులకు అరవై గౌన్లు కుట్టివ్వాలి. నాకు కుర్చీ ఇక్కడే ఉంది, దాని ముందు మిషను ఉంది. నీ కుర్చీ ముందు ఏముంది? కిటికీ.

ఇట్లు,
పని మీదున్న నీ అక్క

తా.క.: కర్ర అందింది. నా ఛాతీదాకా వచ్చింది. కుట్టుపని చేసేదానికి కొలత తీసుకోకుండా పంపినవాడివి నువ్వొక్కడివే. అయినా షాపు తెరిచింది మొదలు మూసేదాకా అది నా చేతిలోనే ఉంటోంది. చాలా సంతోషం.

9వ తేదీ

అక్కకు కంగారు నమస్కారాలు.

విషయం: నీ కాళ్ళు (రెండో ఉత్తరం).

పొద్దున్నుంచి సాయంత్రందాకా కర్ర వదలలేకపోతున్నావా! నాలుగు రోజుల్లో ఇంతదాకా వచ్చిందన్నమాట. నువ్వు ఎంత నవ్వుతూ రాసినా నాకు అర్థం కాదనుకోకు.

పైగా మందుల షాపాయన ఇంకో కబురు చెప్పాడు. కత్తిరించే బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతున్నావట. ఎవరి మీద అలిగి ఈ తపస్సు? నేల మీద సుద్దతో గీత గీసి, మడమకు వేళ్ళు ఆనిస్తూ, ఊగుతూ దాని మీద నడుస్తున్నావట. మందులు కొనడానికి వచ్చినవాళ్ళు మందులు మర్చిపోయి చూస్తున్నారట. మన ఇంటా వంటా ఉన్నాయా అక్కా ఇలాంటి పనులు?

ఈ రోజే వాకర్ పంపుతున్నాను. నాలుగు కాళ్ళది. నీ రెండూ, దాని నాలుగూ కలిపి ఆరు. అప్పుడైనా నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇట్లు,
నిద్ర పట్టని తమ్ముడు

తా.క.: మందుల షాపాయన్ని తిట్టకు. నేనే రోజూ ఫోను చేసి విసిగిస్తున్నాను. అరికాళ్ళ మంటకు డాక్టరు నీకేం రాశాడో కూడా అడిగాను. ఊరికే, తెలుసుకుందామని.

13వ తేదీ

తమ్ముడికి ఒంటికాలి మీదనుంచి ఆశీస్సులు.

తపస్సు కాదురా, వ్యాయామం. ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి చెప్పింది. పట్టుకోవడానికి పక్కన గట్టి బల్ల ఉండాలి, రోజూ చేయాలి. మొదటి రోజు నాలుగు సెకన్లు నిలబడ్డాను. నిన్న పంతొమ్మిది. గీత గీసింది నా కుట్టు సుద్దతోనే. చూసేవాళ్ళని చూడనీ. నిన్న ఒకావిడ చూసి చూసి, లోపలికొచ్చి గౌనుకు కొలతలిచ్చి వెళ్ళింది.

ఒక్క మాట నీకే చెబుతున్నాను. మొన్న పొద్దున్నుంచి మిషనులో దారం చుట్టే బాబిన్ కనపడక షాపంతా వెతికాను. సాయంత్రం బూటు విప్పితే అందులో ఉంది. రోజంతా ఇనప బాబిన్ మీద నడిచి, నాకే తెలియలేదు. పాదం ఎర్రగా కందిపోయింది. భయమేసిందిరా, అబద్ధమెందుకు. అప్పటినుంచి బూట్లు దులపందే తొడగట్లేదు. పడుకోబోయే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకుంటున్నాను. ఈ వయసులో అద్దం ముందు ఇంతసేపు కూర్చుంటానని ఎవరనుకున్నారు?

భయపడ్డాను గానీ షాపు మూయలేదు. ఆ రెండూ వేరు.

ఇట్లు,
పంతొమ్మిది సెకన్ల అక్క

తా.క.: వాకర్ అందింది. పొద్దున ఎనిమిదింటికి దాంతో పెరట్లోకి వెళితే, మళ్ళీ అది లోపలికి వచ్చేసరికి పన్నెండు. అదే లేకపోతే నా పనేమయ్యేదో!

16వ తేదీ

అక్కకు.

విషయం: నీ కాళ్ళు (అత్యవసరం).

పెరడు దాటడానికి నాలుగు గంటలా! నీ పెరడు నాకు తెలియదా? పన్నెండు అడుగులు. గంటకు మూడు అడుగులు! ఈ లెక్కన నువ్వు బస్టాపుకు బయల్దేరితే వచ్చే ఏడాదికి చేరతావు.

ఇక నీ మాట వినేది లేదు. చక్రాల కుర్చీ పంపించేశాను. నీ షాపు గది ఓనరుకు కూడా ఉత్తరం రాశాను, నెలాఖరుకు మా అక్క ఖాళీ చేస్తుందని. ముప్పయ్యో తేదీ పొద్దున్నే వ్యాను వస్తుంది. మిషను కూడా ఎక్కించు. ఇక్కడ గదిలో ఓ మూల పెట్టుకుని చూసుకోవచ్చు.

కోపం వస్తుందని తెలుసు. కానీ అక్కా, పడితే? ఇంట్లో ఎవరూ లేనప్పుడు పడితే? మెట్లు చూసినా నాకదే ఆలోచన, తడి గచ్చు చూసినా అదే. గేటుదాకా వెళ్ళాలన్నా అదే.

ఇట్లు,
నీ మంచికే చేస్తున్న తమ్ముడు

తా.క.: ముందు నిన్ను జాగ్రత్తగా దించి, తర్వాతే మిషను దించమని వ్యాను డ్రైవరుకు చెప్పాను. ఆయన, రెండిట్లో ఏది బరువండీ అన్నాడు. ఫోను పెట్టేశాను.

20వ తేదీ

ఒరేయ్,

ఆశీస్సులు తర్వాత.

పొద్దున షాపు తెరుద్దామని వస్తే నా తలుపుకు "అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు వేలాడుతోంది. నలభై ఏళ్ళుగా నేను తీసి మూసిన తలుపురా అది!

నీ కర్ర ఎందుకు వాడుతున్నానో తెలుసా? పైన తగిలించిన గౌన్లు దించడానికి. స్టూలు ఎక్కొద్దని డాక్టరన్నాడు. నీ వంకీకర్రతో నేలమీదే నిలబడి దించుకుంటున్నాను. నీ వాకర్ మీద గుడ్డ ఆరేస్తున్నాను. కత్తిరించే ముందు గుడ్డ తడిపి ఆరబెట్టకపోతే, తొలి ఉతుకుకే గౌను మోకాళ్ళ పైకి పోతుంది. నాలుగు గంటలు పెరట్లో నిలబడింది వాకర్రా, నేను కాదు! ఇక నీ చక్రాల కుర్చీలో నర్సుల గుడ్డ తాన్లు కూర్చోబెట్టి బజారునుంచి తోసుకొచ్చాను. దారంతా జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. తాన్లకు అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత ఓనరు ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు, నలభై రెండు మెట్లు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కంటితో చూసి, కాలు ఆనిందని నమ్మకం కలిగాకే రెండోది ఎత్తాను. తలుపు తీసి ఆయన నా వెనక్కి తొంగిచూశాడు, ఎవరు మోసుకొచ్చారా అని.

గడియారాల షాపు పెట్టుకుంటామని ఎవరో అడిగారట. "మీ తమ్ముడుగారు సంతకం పెట్టి రాశారమ్మా. ఇరవై ఎనిమిదిలోపు ఆయనే సంతకం పెట్టి కాదని రాస్తే సరే, లేకపోతే గది వాళ్ళకే" అన్నాడు. గదిలో ఉన్నది నేను, చెల్లేది నీ సంతకం!

పడితే అన్నావు. పడతానేమో. పడితే ఎలా లేవాలో కూడా నేర్చుకున్నాను. ముందు పక్కకు తిరగాలి, తర్వాత మోకాళ్ళ మీదికి రావాలి, తర్వాత కుర్చీ పట్టుకోవాలి. నా కాళ్ళకు నేల ఎక్కడుందో తెలియకపోవచ్చు. నాకు తెలుసు. నా షాపు ఎక్కడుందో కూడా తెలుసు.

ఓనరుకు రాస్తావా, రాయవా?

ఇట్లు,
ఎవరి వ్యానూ ఎక్కని నీ అక్క

తా.క.: బోర్డు వెనకవైపు ఖాళీగా ఉంది. "గౌన్లు కుట్టబడును" అని రాసి అక్కడే తిప్పి తగిలించాను.

23వ తేదీ

అక్కకు నమస్కారాలు.

విషయం: నా కాళ్ళు.

అవునక్కా, నావే. పది నెలలైంది. నీకున్నదే నాకూ ఉంది. నీకు చెప్పలేదు, నీ మరదలికీ చెప్పలేదు. మోకాలి నొప్పని చెప్పి పొద్దున నడక మానేశాను. తర్వాత బజారుకు వెళ్ళడం మానేశాను. చివరికి గేటుదాకా వెళ్ళి పేపరు తెచ్చుకోవడం కూడా మానేశాను. బద్ధకం ముదిరిందని నీ మరదలు తిడుతుంటే ఎంత హాయిగా ఉండేదో! బద్ధకస్తుణ్ణి అనిపించుకోవచ్చు గానీ పడిపోయేవాణ్ణి అనిపించుకోలేకపోయాను.

ఆ కర్ర నాకోసమే కొనుక్కున్నాను. బీరువా వెనక దాస్తే నీ మరదలికి దొరికింది. "ఇదెవరికి?" అంది. అక్కకు అన్నాను. అన్నాక పంపక తప్పుతుందా? వాకర్ నేను స్నానంలో ఉండగా వచ్చింది, తలుపు తీసింది ఆవిడే. మళ్ళీ అక్కకే అన్నాను. ఇక చక్రాల కుర్చీని ఏ బీరువా వెనక దాచనక్కా? "పాపం, వదిన పరిస్థితి ఇంతదాకా వచ్చిందా" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, వేరే కారణానికి.

నిన్ను రమ్మన్నది కూడా నీకోసం కాదు. నువ్వు వచ్చి ఆ కిటికీ పక్కన కూర్చుంటే, నేను కూర్చోవడం పిరికితనంలా కనపడదని. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నిన్న వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. మూడో సెకనుకు నీ మరదలు లోపలికొచ్చింది. ఇంకో అబద్ధం తట్టలేదు, ఉన్నదంతా చెప్పేశాను. పది నెలలు దాచినందుకు గంటసేపు దులిపేసింది. తర్వాత గోడ గడియారం దించి చేత్తో పట్టుకుని, ఎదురుగా నిలబడి, "ఊఁ, మళ్ళీ ఎత్తండి కాలు" అంది. ఏడు వచ్చింది. రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. వ్యాను వద్దని చెప్పేశాను.

ఓనరుకు రాసిన ఉత్తరం ఈ కవర్లోనే పెట్టాను. "మా అక్క గది ఖాళీ చేయదు, చేయమని అనే హక్కు నాకు లేదు" అని రాసి రెండుచోట్ల సంతకం పెట్టాను. నువ్వే ఆయన చేతికివ్వు.

ఇట్లు,
నీ తమ్ముడు, ఏడు సెకన్లు

తా.క.: ఇన్నాళ్ళూ నా ఉత్తరాలు నీ మరదలే డబ్బాలో వేసేది. ఇదీ వేసొస్తానంది, వద్దన్నాను. పోస్టు డబ్బా రెండు వీధుల అవతల ఉంది. నేల చూసుకుంటూ నేనే వెళ్తున్నాను. ఇది నీ చేతికి అందిందంటే, నేను అక్కడిదాకా వెళ్ళినట్టే. కవరుకు కాస్త మట్టి అంటి ఉంటే మాత్రం ఏమీ అడక్కు.